నీటి పథకాలకు అభివృద్ధి బ్యాంకుల రుణం: కంపెనీలకు కాంట్రాక్టు ఎలా దక్కుతుంది, జవాబుదారీ ఎవరు?

దక్షిణాసియా నగరాల్లో తాగునీటి పైపులైన్ల కోసం వీధులు తవ్విన చోట తరచూ ఒక బోర్డు కనిపిస్తుంది. రుణమిచ్చిన అంతర్జాతీయ బ్యాంకు, పథకాన్ని అమలు చేస్తున్న ప్రభుత్వ సంస్థ, పని చేస్తున్న కంపెనీ... ఈ మూడు పేర్లూ దానిపై ఉంటాయి. పని ఆగిపోయినా, నీరు రాకపోయినా, బిల్లు పెరిగినా ఈ ముగ్గురిలో ఎవరిని అడగాలో మాత్రం ఆ బోర్డు చెప్పదు.

ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) వంటి సంస్థలు నీటి సరఫరాకు, మురుగునీటి శుద్ధికి పెద్ద మొత్తంలో రుణాలిస్తాయి. ఆ రుణంతో చేపట్టే పనుల కోసం ఐరోపా, చైనా, జపాన్, భారతదేశాలకు చెందిన కంపెనీలు పోటీ పడతాయి. పురపాలక సంస్థల సొంత నిధులతో చేసే పనుల్లో బిల్లులు నెలల తరబడి నిలిచిపోవడం కాంట్రాక్టర్లకు తెలిసిన విషయమే. నిధులు ముందే ఖరారైన పథకంలో ఆ భయం తక్కువ. అందుకే ఈ టెండర్లకు అంత గిరాకీ.

ఈ వ్యాపారంలో బ్యాంకు కొనుగోలుదారు కాదు. కొనేదీ, ఒప్పందంపై సంతకం చేసేదీ, చివరకు అప్పు తీర్చేదీ ప్రభుత్వమే. అయితే ఏమి కొనాలి, ఎవరు పోటీకి అర్హులు అన్న విషయాలు చాలావరకు టెండర్ ప్రకటన వెలువడక ముందే, రుణ చర్చల్లోనూ కన్సల్టెంట్ల నివేదికల్లోనూ తేలిపోతాయి. ఢిల్లీ, కాఠ్మాండూ, హుబ్బళ్ళి-ధార్వాడ, మనీలా నగరాల అనుభవాలు చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

అభివృద్ధి బ్యాంకులు అంటే ఏమిటి?

సభ్యదేశాల మూలధనంతో ఏర్పడి, మార్కెట్‌లో బాండ్ల ద్వారా నిధులు సమీకరించి, అభివృద్ధి పనులకు రుణాలిచ్చే సంస్థలివి. ప్రపంచ బ్యాంకుకు 1944 నాటి బ్రెటన్‌వుడ్స్ సదస్సు పునాది వేసింది. ఏడీబీ 1966లో మనీలా కేంద్రంగా ఏర్పడింది. బీజింగ్ కేంద్రంగా ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు (ఏఐఐబీ) 2016లో కార్యకలాపాలు ప్రారంభించింది. ఈ మూడింటిలోనూ భారతదేశం సభ్యురాలు, ప్రధాన రుణగ్రహీత కూడా.

ఈ బ్యాంకుల రుణాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ప్రభుత్వానికి ఇచ్చేది. దీనికి కేంద్ర ప్రభుత్వ హామీ ఉంటుంది. నగర నీటి పథకాల్లో అత్యధికం ఈ రకానివే. రెండవది ప్రైవేటు కంపెనీకి నేరుగా ఇచ్చే రుణం లేదా కంపెనీలో కొనే వాటా. ప్రపంచ బ్యాంకు బృందంలో ఈ పనిని 1956లో ఏర్పడిన అంతర్జాతీయ ఆర్థిక సంస్థ (ఐఎఫ్‌సీ) చూస్తుంది.

మొదటి రకంలో అప్పు భారం ఎవరిపై పడుతుందన్నది ముఖ్యం. భారతదేశంలో రాష్ట్ర పథకాల కోసం తెచ్చే విదేశీ రుణాన్ని 2005 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం సాధారణ రాష్ట్రాలకు అవే షరతులతో బదలాయిస్తోంది. అంటే డాలరు విలువ పెరిగితే ఆ అదనపు భారం రాష్ట్ర ఖజానాదే. రుణం తీరేందుకు పాతికేళ్లు పట్టవచ్చు. కంపెనీ తన పని ముగించుకుని వెళ్లిన చాలా కాలం తరువాత కూడా ప్రజలు వాయిదాలు చెల్లిస్తూనే ఉంటారు.

కంపెనీలు అమ్మేది ఏమిటి?

నీటి పథకంలో నాలుగు రకాల కొనుగోళ్లు ఉంటాయి. పథకాన్ని రూపొందించే కన్సల్టెంట్ల సేవలు మొదటివి. పైపులు, పంపులు, మీటర్ల వంటి సామగ్రి రెండవది. శుద్ధి కేంద్రాలు, రిజర్వాయర్లు, సొరంగాల వంటి నిర్మాణాలు మూడవవి. నిర్మించిన వ్యవస్థను కొన్నేళ్లపాటు నడిపే నిర్వహణ సేవలు నాలుగవవి.

నిర్వహణ ఒప్పందాల్లోనూ తేడాలున్నాయి. కంపెనీకి రుసుము చెల్లించి వ్యవస్థను నడిపించుకోవడం ఒక పద్ధతి. ఇందులో ఆస్తి ప్రభుత్వానిదే, నీటి చార్జీలు నిర్ణయించేదీ ప్రభుత్వమే. లీకేజీ ఎంత తగ్గిస్తే అంత చెల్లింపు అన్నది ఇంకో పద్ధతి. డిజైన్, నిర్మాణం, నిర్వహణ మూడింటినీ ఒకే కంపెనీకి అప్పగించడం మరో పద్ధతి. వీటన్నిటికంటే లోతైనది కన్సెషన్ ఒప్పందం. ఇందులో కంపెనీ తానే పెట్టుబడి పెట్టి, దీర్ఘకాలం వ్యవస్థను నడిపి, వినియోగదారుల బిల్లుల నుంచే దానిని రాబట్టుకుంటుంది. ‘ప్రైవేటీకరణ’ అనే ఒక్క మాటతో వీటన్నిటినీ కలిపి చూస్తే ఎవరు ఏ నష్టానికి బాధ్యులో అర్థం కాదు.

ఈ రంగంలో చాలాకాలం ఫ్రాన్స్‌కు చెందిన వియోలియా, స్యూయెజ్ కంపెనీల ఆధిపత్యం నడిచింది. 2022లో స్యూయెజ్‌లోని పెద్ద భాగాన్ని వియోలియా తనలో కలుపుకుంది. ఇటీవలి కాలంలో భారతీయ కంపెనీలు కూడా పొరుగు దేశాల టెండర్లలో గెలుస్తున్నాయి. ఢాకా సమీపంలోని పాగ్లాలో రోజుకు 20 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రానికి చెన్నై కంపెనీ వీఏ టెక్ వాబాగ్ 2023లో ఆర్డర్ దక్కించుకుంది. ఆ పథకానికి ప్రపంచ బ్యాంకు రుణం ఉంది.

టెండర్ ప్రక్రియ ఎలా సాగుతుంది?

రుణ ఒప్పందంతోపాటు కొనుగోళ్ల ప్రణాళిక కూడా ఖరారవుతుంది. ఏ పనిని ఎన్ని ప్యాకేజీలుగా విడగొడతారు, ఏ ప్యాకేజీకి అంతర్జాతీయ పోటీ, దేనికి దేశీయ పోటీ అన్నది అందులో ఉంటుంది. పథకం గురించిన సాధారణ ప్రకటన ముందు వస్తుంది. తరువాత ఒక్కో ప్యాకేజీకి విడిగా ప్రకటనలు వెలువడతాయి. అంతర్జాతీయ టెండర్ల ప్రకటనలు ఐక్యరాజ్యసమితి నిర్వహించే ‘డెవలప్‌మెంట్ బిజినెస్’ వేదికలో కూడా కనిపిస్తాయి. అనుభవమున్న కంపెనీలు టెండర్ వచ్చేదాకా ఆగవు. పథకం బ్యాంకు పరిశీలనలో ఉన్నప్పటి నుంచే దానిని గమనిస్తూ, స్థానిక భాగస్వాములను వెతుక్కుంటాయి.

బిడ్ పత్రాలకు బ్యాంకు ప్రామాణిక నమూనాలున్నాయి. గత అనుభవం, వార్షిక టర్నోవరు, ధరావతు వంటి అర్హతలను ఆ పత్రాల్లోనే పేర్కొంటారు. గెలుపోటములను తరచూ ఈ అర్హతల పేజీయే నిర్ణయిస్తుంది. ‘ఇంత జనాభాకు 24 గంటల సరఫరా నిర్వహించిన అనుభవం’ అని రాస్తే చిన్న స్థానిక కంపెనీలు ఒంటరిగా పోటీలోకి రాలేవు. విదేశీ కంపెనీతో కలిసి జాయింట్ వెంచర్‌గా రావలసి ఉంటుంది. అర్హత మరీ తక్కువగా పెడితే పని చేతకాని కంపెనీ గెలిచే ప్రమాదం ఉంది.

స్థానిక పరిశ్రమకు కొంత వెసులుబాటు కూడా ఉంది. ప్రపంచ బ్యాంకు నిబంధనల ప్రకారం, నిర్ణీత షరతులకు లోబడి, బిడ్లను పోల్చేటప్పుడు స్థానికంగా తయారైన వస్తువులకు 15 శాతం, దేశీయ కాంట్రాక్టర్లకు 7.5 శాతం మేర ప్రాధాన్యం ఇవ్వవచ్చు.

బిడ్లను బహిరంగంగా తెరిచి ధరలు చదివి వినిపిస్తారు. మూల్యాంకనం చేసేది ప్రభుత్వ సంస్థే. పెద్ద కాంట్రాక్టుల విషయంలో ప్రతి కీలక దశలోనూ బ్యాంకు ‘అభ్యంతరం లేదు’ అని తెలపాలి. ఈ సమ్మతి లేకుండా ముందుకు వెళితే ఆ ఖర్చుకు రుణం రాదు. చిన్న కాంట్రాక్టులను బ్యాంకు తరువాత తనిఖీ చేస్తుంది.

ప్రపంచ బ్యాంకు తన కొనుగోలు నిబంధనలను 2016 జూలై 1 నుంచి మార్చింది. అంతకుముందు అర్హులైన వారిలో అతి తక్కువ ధర కోట్ చేసిన వారికే పని దక్కేది. ఇప్పుడు నాణ్యత, నిర్వహణ ఖర్చు, పర్యావరణ ప్రభావం వంటి వాటికీ మార్కులు వేసే వీలుంది. నమ్మశక్యం కానంత తక్కువ ధర వేసిన వారిని వివరణ కోరవచ్చు. విజేత ఎవరో చెప్పిన తరువాత ఒప్పందంపై సంతకానికి ముందు 10 పనిదినాల విరామం కూడా పెట్టారు. ఓడిన కంపెనీలు కారణాలు అడగడానికి, ఫిర్యాదు చేయడానికి ఈ గడువు ఉపయోగపడుతుంది. నీటిని వాడుకోబోయే ప్రజలకు మాత్రం ఈ దశలో ప్రత్యేక స్థానమేమీ లేదు.

ఢిల్లీ: కన్సల్టెంట్ ఎంపికలోనే వివాదం

కన్సల్టెంట్ పాత్ర ఎంత కీలకమో ఢిల్లీ అనుభవం చూపించింది. 1998లో ఏర్పడిన ఢిల్లీ జల్ బోర్డు, నగర నీటి సరఫరా సంస్కరణల కోసం ప్రపంచ బ్యాంకు సాయంతో ఒక అధ్యయనం చేయించింది. నగరంలోని 21 మండలాల నిర్వహణను దశలవారీగా కంపెనీలకు అప్పగించాలన్నది ప్రతిపాదన. మొదట రెండు మండలాల్లో అమలు చేయాలనుకున్నారు.

అరవింద్ కేజ్రీవాల్ నాయకత్వంలోని ‘పరివర్తన్’ సంస్థ, అప్పటికే అమలులో ఉన్న ఢిల్లీ సమాచార హక్కు చట్టం కింద ఈ పథకం ఫైళ్లు సంపాదించింది. అధ్యయనం చేసిన అంతర్జాతీయ కన్సల్టెన్సీ తొలి మూల్యాంకనాల్లో వెనుకబడి ఉన్నా, బ్యాంకు జోక్యంతో ఎంపికైందని ఆ సంస్థ ఆరోపించింది. తమ నిబంధనల ప్రకారమే నడుచుకున్నామంటూ బ్యాంకు ఈ ఆరోపణలను తోసిపుచ్చింది.

చర్చ కన్సల్టెంట్ ఎంపికతో ఆగలేదు. కంపెనీలకు చెల్లించే రుసుము ఎంత, లక్ష్యాలు చేరకపోతే జరిమానా ఎంత, నీటి చార్జీలు ఎంత పెరుగుతాయి అన్న ప్రశ్నలు నివాసుల సంఘాల సమావేశాలకు చేరాయి. 2005 నవంబరులో ఢిల్లీ ప్రభుత్వం రుణ దరఖాస్తును ఉపసంహరించుకుంది. నిర్వహణ టెండర్లు ఖరారు కాకముందే పథకం ఆగిపోయింది.

ఏమి కొనాలో రాసేది కన్సల్టెంటే. అందుకే, పథకాన్ని రూపొందించిన సంస్థ అదే పథకంలో నిర్మాణ కాంట్రాక్టుకు పోటీ పడరాదని బ్యాంకుల నిబంధనలు చెబుతున్నాయి. ఈ నిబంధన ప్రయోజనాల వైరుధ్యాన్ని నివారిస్తుంది. నివేదికలోని అంచనాలు నగరానికి సరిపోతాయా లేదా అన్నది మాత్రం పత్రాలు బయటకు వచ్చినప్పుడే తేలుతుంది.

కాఠ్మాండూ: రుణంతోపాటు వచ్చిన షరతు

నేపాల్ రాజధాని కాఠ్మాండూ దశాబ్దాలుగా నీటి ఎద్దడితో సతమతమవుతోంది. మేలమ్చి నది నీటిని సుమారు 27 కిలోమీటర్ల సొరంగం ద్వారా లోయలోకి తెచ్చే పథకానికి ఏడీబీ 2000లో 12 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. రోజుకు 17 కోట్ల లీటర్ల నీరు తేవాలన్నది లక్ష్యం.

రుణంతోపాటు ఒక షరతు కూడా వచ్చింది. నగరంలో నీటి సరఫరా నిర్వహణను ప్రైవేటు కంపెనీకి అప్పగించాలి. పోటీలో చివరికి బ్రిటన్‌కు చెందిన సెవర్న్ ట్రెంట్ ఒక్కటే మిగిలింది. 2007లో అప్పటి మంత్రి హిసిలా యమి ఈ అప్పగింతను వ్యతిరేకించారు. అదే ఏడాది మే నెలలో కంపెనీ వైదొలిగింది. ఏడీబీ తన పథకాన్ని సవరించుకోవలసి వచ్చింది. నగర సరఫరా బాధ్యత 2008లో కాఠ్మాండూ ఉపత్యకా ఖానేపానీ లిమిటెడ్ అనే స్థానిక సంస్థ చేతికి వచ్చింది.

ఒకే ఒక్క పోటీదారు మిగలడం చిన్న విషయం కాదు. బేరమాడే శక్తి కొనుగోలుదారు చేయి జారిపోతుంది. షరతు రుణ ఒప్పందంలో ఉన్నందువల్ల టెండర్ రద్దు చేస్తే రుణానికే ఎసరు వస్తుంది. నేపాల్ ప్రభుత్వం ఆనాడు ఎదుర్కొన్న ఇరకాటం అదే.

నిర్మాణ పనుల కథ ఇంకా క్లిష్టంగా సాగింది. సొరంగం పనిని 2009లో చేపట్టిన చైనా కంపెనీ కాంట్రాక్టును 2012లో ప్రభుత్వం రద్దు చేసింది. ఆ తరువాత వచ్చిన ఇటలీ కంపెనీ సీఎంసీ సొరంగం తవ్వకాన్ని పూర్తి చేసినా, సొంత దేశంలో ఆర్థిక సంక్షోభంలో చిక్కుకుని 2018 డిసెంబరులో పని వదిలి వెళ్లిపోయింది. మిగిలిన పనిని 2019లో చైనాకు చెందిన సైనోహైడ్రో తీసుకుంది. 2021 మార్చిలో మేలమ్చి నీరు నగరానికి చేరింది. ఆ సంతోషం మూడు నెలలు కూడా నిలవలేదు. జూన్ నెలలో వచ్చిన పెను వరద నది నుంచి నీటిని మళ్లించే చోటి నిర్మాణాలను దెబ్బతీసింది.

మొదటి రుణం నుంచి మొదటి నీటిచుక్క వరకు రెండు దశాబ్దాలు గడిచాయి. కంపెనీలు మారాయి, మంత్రులు మారారు. అప్పు మాత్రం నేపాల్ ప్రభుత్వం పేరిటే ఉంది. అంతర్జాతీయ అనుభవం, భారీ టర్నోవరు ఉన్న కంపెనీ కూడా తన దేశంలో కుప్పకూలితే, టెండర్ నాటి అర్హత పత్రాలు నగరాన్ని కాపాడలేవు.

హుబ్బళ్ళి-ధార్వాడ: ఫలితం వచ్చింది, కానీ ఎంత?

కర్ణాటక అనుభవం వేరు. ప్రపంచ బ్యాంకు 2004లో 3.95 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. హుబ్బళ్ళి, ధార్వాడ, బెళగావి, కలబురగి నగరాల్లో ఎంపిక చేసిన ఐదు మండలాల్లో 24 గంటల నీటి సరఫరా చేసి చూపడం లక్ష్యం. ఆ పని వియోలియాకు చెందిన సంస్థకు దక్కింది. అంతకుముందు కొన్ని రోజులకు ఒకసారి మాత్రమే నీరు వచ్చే చోట, మీటర్లతో నిరంతర సరఫరా మొదలైంది. భారతీయ నగరాల్లో ఇది సాధ్యం కాదన్న అభిప్రాయాన్ని ఈ ప్రయోగం మార్చింది.

దాని ఆరోగ్య ఫలితాలను పరిశోధకులు తరువాత పరిశీలించారు. నిరంతర సరఫరా ఉన్న ప్రాంతాలనూ, అడపాదడపా నీరు వచ్చే ప్రాంతాలనూ పోల్చిన అధ్యయనం 2015లో ‘పీఎల్ఓఎస్ మెడిసిన్’ పత్రికలో వెలువడింది. ఐదేళ్లలోపు పిల్లల్లో అతిసారం మొత్తం మీద చెప్పుకోదగినంతగా తగ్గలేదని అది తేల్చింది. అయితే పేద కుటుంబాల్లో రక్తవిరేచనాలు తగ్గాయని, టైఫాయిడ్ కేసులూ తక్కువగా ఉన్నాయని కనుగొంది. ఇరవై నాలుగు గంటల నీరు వస్తే అన్ని జబ్బులూ పోతాయని చెప్పడం ఎంత తప్పో, దానివల్ల లాభమే లేదనడం కూడా అంతే తప్పు.

ఈ ప్రయోగం జంట నగరంలో సుమారు పదోవంతు జనాభాకే పరిమితమైంది. మిగతా నగరానికి విస్తరించడానికి మరో రుణం, మరో టెండర్ అవసరమయ్యాయి. ప్రపంచ బ్యాంకు 2016లో 10 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. హుబ్బళ్ళి-ధార్వాడ కాంట్రాక్టు 2020లో ఎల్ అండ్ టీకి దక్కింది. ప్రయోగం విజయవంతమైనా, ఒకే నగరంలో ఒక వీధికి రోజంతా నీరు, పక్క వీధికి వారానికి ఒకటి రెండుసార్లు వచ్చే పరిస్థితి ఏళ్లపాటు కొనసాగింది. ప్రయోగానికి ఏ మండలాలను ఎంచుకోవాలన్న నిర్ణయం కాంట్రాక్టర్ ఎంపికంత ముఖ్యమైనదని ఇక్కడ తేలింది.

మనీలా: అతి తక్కువ ధర ఎంతకాలం నిలుస్తుంది?

ఏడీబీ ప్రధాన కార్యాలయం ఉన్న మనీలా మహానగరం 1997 ఆగస్టు 1న నీటి సరఫరాను 25 ఏళ్ల కన్సెషన్ ఒప్పందాలతో రెండు కంపెనీలకు అప్పగించింది. తూర్పు భాగం మనీలా వాటర్‌కు, పశ్చిమ భాగం మేనిలాడ్‌కు దక్కాయి. ఫిలిప్పీన్స్ ప్రభుత్వానికి సలహాదారుగా వ్యవహరించింది ఐఎఫ్‌సీ.

తక్కువ చార్జీ వేసినవారిదే గెలుపు. అప్పటికి ఘనపు మీటరు నీటి ధర 8.78 పెసోలు. మనీలా వాటర్ 2.32 పెసోలకు, మేనిలాడ్ 4.97 పెసోలకు సరఫరా చేస్తామన్నాయి. అదే సమయంలో ఆసియా ఆర్థిక సంక్షోభం విరుచుకుపడింది. పెసో విలువ పడిపోయింది. పాత ప్రభుత్వ సంస్థ విదేశీ అప్పుల్లో దాదాపు 90 శాతాన్ని మోసే బాధ్యత మేనిలాడ్‌ది. 2001లో ఆ కంపెనీ ప్రభుత్వానికి కట్టవలసిన రుసుమును నిలిపివేసింది. వివాదాలు, పునరుద్ధరణ ప్రక్రియ నడిచాక కొత్త యజమానుల చేతికి వెళ్లింది.

మనీలా వాటర్ నిలదొక్కుకుంది. ఐఎఫ్‌సీ ఆ కంపెనీకి రుణమిచ్చి, వాటా కూడా కొన్నది. 2008లో వియత్నాంలోని హో చి మిన్ నగరంలో ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టిన లీకేజీ తగ్గింపు కాంట్రాక్టును ఈ కంపెనీయే గెలుచుకుంది. అభివృద్ధి బ్యాంకు సలహాతో పుట్టిన కంపెనీ, దాని పెట్టుబడితో పెరిగి, అదే బ్యాంకు బృందం రుణమిచ్చిన టెండర్‌లో గెలిచింది. ఇందులో నిబంధనల ఉల్లంఘన ఉందని చెప్పడానికి లేదు. ఒకే బృందం సలహాదారు, రుణదాత, వాటాదారు పాత్రలు పోషించినప్పుడు ఆ పాత్రలను ప్రజలకు స్పష్టంగా వెల్లడించడం ఎందుకు అవసరమో మాత్రం ఇది చెబుతుంది. 1997లో రెండు కంపెనీలు చూపిన ధరల్లో ఏదీ నిలవలేదు. కాలక్రమంలో రెండు ప్రాంతాల్లోనూ చార్జీలు వాటికంటే చాలా పెరిగాయి.

తెలుగు రాష్ట్రాలతో సంబంధం

విశాఖపట్నం–చెన్నై పారిశ్రామిక కారిడార్ కోసం ఏడీబీ 2016లో 63.1 కోట్ల డాలర్ల సాయాన్ని ఆమోదించింది. విశాఖ నగర నీటి సరఫరా మెరుగుదల అందులో ఒక భాగం. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో తాగునీరు, మలవ్యర్థాల నిర్వహణ పథకానికి ఏఐఐబీ 2018 డిసెంబరులో 40 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. నీటి పనులు చేసే పెద్ద నిర్మాణ కంపెనీల్లో కొన్నింటికి హైదరాబాద్ కేంద్రం. రుణగ్రహీతలుగా, కాంట్రాక్టర్లుగా, వినియోగదారులుగా తెలుగువారికి ఈ వ్యవస్థతో నేరుగా సంబంధం ఉంది.

తప్పు జరిగితే ఏమవుతుంది?

లంచం, మోసం, కుమ్మక్కు రుజువైతే బ్యాంకులు కంపెనీని నిషేధ జాబితాలో పెడతాయి. 2010 ఏప్రిల్‌లో ప్రపంచ బ్యాంకు, ఏడీబీ సహా ఐదు అభివృద్ధి బ్యాంకులు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఒక బ్యాంకు ఏడాదికి మించి నిషేధించిన కంపెనీపై మిగతావీ నిషేధం అమలు చేస్తాయి. నిషేధ జాబితాలు బ్యాంకుల వెబ్‌సైట్లలో ఎవరైనా చూడవచ్చు.

పథకం వల్ల నష్టపోయిన ప్రజలకు వేరే మార్గం ఉంది. నర్మదా నదిపై సర్దార్ సరోవర్ ప్రాజెక్టు వివాదం తరువాత ప్రపంచ బ్యాంకు 1993లో తనిఖీ మండలిని ఏర్పాటు చేసింది. బ్యాంకు తన విధానాలనే పాటించలేదని భావించే బాధితులు ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి దీనికి ఫిర్యాదు చేయవచ్చు. ఏడీబీలోనూ ఇలాంటి జవాబుదారీ యంత్రాంగం ఉంది. అమరావతి రాజధాని ప్రతిపాదనపై రైతులు 2017లో తనిఖీ మండలిని ఆశ్రయించారు. 2019 జూలైలో భారత ప్రభుత్వం నాటి రుణ అభ్యర్థనను వెనక్కి తీసుకుంది. ఆ తరువాత 2024 డిసెంబరులో అమరావతికి ప్రపంచ బ్యాంకు కొత్త రుణం ఆమోదించింది.

ఈ మండళ్ల అధికార పరిధి బ్యాంకు ప్రవర్తన వరకే. కాంట్రాక్టర్ పనితీరు, నీటి చార్జీ, మీటర్ బిల్లు గురించి అడగవలసింది ఒప్పందంపై సంతకం చేసిన ప్రభుత్వ సంస్థనే.

ప్రజలు ఏ దశలో ఏమి అడగవచ్చు?

పథకం పరిశీలనలో ఉన్న దశలో బ్యాంకు వెబ్‌సైట్‌లో దాని సమాచార పత్రాలు కనిపిస్తాయి. రుణంతోపాటు ఏ షరతులున్నాయి, ఏ వార్డులు మొదటి దశలో ఉన్నాయి అని కౌన్సిలర్లను, శాసనసభ్యులను అడగడానికి ఇదే సరైన సమయం.

కన్సల్టెంట్ నివేదిక వచ్చినప్పుడు, సవివర ప్రాజెక్టు నివేదికను సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. నీటి చార్జీ ఎంతకు పెరుగుతుందని లెక్కవేశారు, పేద కుటుంబాల కనెక్షన్ ఖర్చు ఎవరు భరిస్తారు అన్న అంశాలు అందులోనే ఉంటాయి.

టెండర్ దశలో ఎందరు పోటీ పడ్డారు, చివరకు ఒక్కరే మిగిలారా, గెలిచిన ధర ప్రభుత్వ అంచనాకు ఎంత దూరంలో ఉంది అన్నవి ముఖ్యం. ఒప్పందం కుదిరాక లక్ష్యాలు, గడువులు, జరిమానాలు, కంపెనీ మధ్యలో వెళ్లిపోతే నిర్వహణ ఎవరు చేపడతారన్న నిబంధన చూడాలి.

ఢిల్లీలో ప్రశ్నలు టెండర్లు ఖరారు కాకముందే వచ్చాయి, పథకం దారి మారింది. కాఠ్మాండూలో షరతుపై తకరారు రుణం మంజూరైన ఏడేళ్లకు తారస్థాయికి చేరింది, అప్పటికే చాలా సమయం గడిచిపోయింది. హుబ్బళ్ళిలో నీరు వచ్చిన వీధులు, రాని వీధులు ఏవో మొదటి పటంలోనే నిర్ణయమయ్యాయి. నీటి పథకంలో అన్నిటికంటే విలువైన పత్రం శంకుస్థాపన శిలాఫలకం కాదు, అంతకు ఏళ్ల ముందు రాసిన రుణ షరతుల జాబితా. దానిని చదవడానికి ఇంజనీరు కానక్కరలేదు. రేపటి బిల్లు కట్టేవారందరికీ ఆ హక్కు ఉంది.